కాఫీ ఒంటికి మంచిదేనా? లిటిల్ ఇండియా నుంచి ఒక ప్రసంగం



సింగపూరు లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు వెంట నడిచే తెలుగువారికి రెండు రకాల కాఫీ దొరుకుతుంది. ఒకటి స్టీలు గ్లాసు, డబరాలో నురగతో వచ్చే మన ఫిల్టరు కాఫీ. 1947 నుంచి ఆ వీధిలోనే ఉన్న కోమల విలాస్‌లోనూ, అలాంటి మరికొన్ని శాకాహార హోటళ్లలోనూ అది ఉంటుంది. రెండోది టెక్కా సెంటర్ కింది అంతస్తులో, కూరగాయల బజారు పక్కనున్న స్టాళ్లలో అమ్మే కోపి. అది రోబస్టా గింజల కాఫీ. గింజల్ని పంచదార, మార్గరిన్ వేసి నల్లగా వేయిస్తారు. ఆ పొడిని పొడుగాటి గుడ్డసంచిలో పోసి, మరిగే నీళ్లతో వడగడతారు. కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ పోసి, దాని మీద ఆ చిక్కటి డికాషన్ వంచుతారు. హైనాన్ దీవి నుంచి వచ్చిన చైనీయులు తమ కాఫీ దుకాణాల్లో స్థిరపరిచిన పద్ధతి ఇది. అరకు కాఫీకి అలవాటుపడ్డ నాలుకకు మొదటిసారి మాడు వాసన తగులుతుంది. నాలుగు వారాలు ఇక్కడ ఉంటే అదీ నచ్చుతుంది.

ఆదివారం సాయంత్రం ఈ పేటలో కాలు పెట్టే చోటుండదు. భవన నిర్మాణంలో పనిచేసే మన కరీంనగర్, శ్రీకాకుళం కుర్రాళ్లు ఉంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేసేవాళ్లుంటారు. మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పెరుమాళ్ గుడికి వెళ్లి వస్తూ కనిపిస్తారు. వీళ్లందరి చేతిలోనూ ఏదో ఒక కప్పు ఉంటుంది. వీళ్లందరూ అడిగే ప్రశ్న కూడా ఒకటే. కాఫీ ఒంటికి మంచిదా, చెడ్డదా? ఒకరు మానేయమంటారు, ఒకరు నాలుగు కప్పులు తాగమంటారు, ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన గట్టి పరిశోధనల్లో కొన్ని ఈ ఊళ్లోనే జరిగాయి. ఇక్కడ కోపి తాగే మనుషుల మీదే జరిగాయి. అందుకే ఈ సంగతి ఇక్కడి నుంచి చెప్పాలనిపించింది.

1993 నుంచి 1998 వరకు సింగపూరులోని ప్రభుత్వ గృహాల్లో ఉండే చైనీయుల ఇళ్లకు పరిశోధకులు వెళ్లారు. 45 నుంచి 74 ఏళ్ల మధ్య వయసువాళ్లను, మొత్తం 63,257 మందిని, ఎదురుగా కూర్చుని అడిగారు. ఏం తింటారు, ఏం తాగుతారు, రోజుకు ఎన్ని కప్పుల కాఫీ, పొగ తాగుతారా, మద్యం ముడతారా, అన్నీ రాసుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి వాళ్లకు ఏ జబ్బులు వచ్చాయో, ఎవరు ఏ కారణంతో పోయారో దేశపు రికార్డులతో సరిచూస్తూ వచ్చారు. దీన్ని సింగపూర్ చైనీస్ హెల్త్ స్టడీ అంటారు. డాక్టర్ కో ఊన్ పుయే లాంటి వాళ్లు చాలా ఏళ్లుగా దాన్ని నడిపిస్తున్నారు.

2008లో ఆ అధ్యయనం నుంచి ఒక లెక్క వచ్చింది. దాదాపు 37 వేల మందిని చూస్తే, రోజుకు నాలుగు కప్పులు, అంతకు మించి కాఫీ తాగేవారికి మధుమేహం వచ్చే అవకాశం, రోజూ తాగే అలవాటు లేనివారికంటే 30 శాతం తక్కువగా ఉంది. 2014లో ఇంకొకటి వచ్చింది. నా దృష్టిలో ఇది మరింత ముఖ్యమైనది. కాలేయం గట్టిపడి పనిచేయకుండా పోయే సిరోసిస్ వ్యాధి గురించి. వైరస్ వల్ల కాక ఇతర కారణాల వల్ల వచ్చే సిరోసిస్‌తో చనిపోయే ముప్పు, రోజుకు రెండు కప్పులు లేదా అంతకన్నా ఎక్కువ తాగేవారిలో 66 శాతం తక్కువ. ఆ ఇతర కారణాల్లో ప్రధానమైనది ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు పేరుకుపోవడం. హెపటైటిస్ బి వైరస్ వల్ల వచ్చిన సిరోసిస్‌లో మాత్రం కాఫీ ఏ తేడా చూపలేదు. ఈ తేడా లేకపోవడమే నాకు నమ్మకం కలిగించింది. కాఫీ తాగేవాళ్లు మొత్తంగా ఆరోగ్యవంతులు కాబట్టి ఇలా కనిపించిందని అనుకుంటే, అన్ని రకాల సిరోసిస్‌లోనూ మేలు కనిపించాలి కదా. అయితే దాదాపు పదిహేనేళ్లలో ఆ జబ్బుతో పోయినవారు 114 మందే. అంత చిన్న సంఖ్య మీద వచ్చిన శాతాన్ని అక్షరాలా పట్టుకోకూడదు. దిక్కు మాత్రం సరైనదే. ఇతర దేశాల అధ్యయనాలూ కాలేయం విషయంలో అటే చూపిస్తున్నాయి. అమెరికాలో కాలేయ వైద్యుల సంఘం 2023లో ఫ్యాటీ లివర్‌పై ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు మూడు కప్పులైనా కాఫీ తాగేవారిలో కాలేయం దెబ్బతినడం తక్కువగా కనిపిస్తోందని, కెఫీన్ తీసేసిన కాఫీకీ ఇది వర్తిస్తుందని రాశారు.

కెఫీన్ తీసేసినా మేలు కనిపిస్తోందంటే, ఆ మేలంతా కెఫీన్‌ది కాదన్న మాట. కాఫీ గింజలో క్లోరోజెనిక్ ఆమ్లాలని ఒక వర్గం పదార్థాలున్నాయి. అవి వాపును తగ్గిస్తాయని, పేగుల నుంచి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని మందగింపజేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. కెఫీన్ చేసే పని వేరు. మెదడులో అలసట పెరిగేకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. అందుకే నిద్ర రాదు. అలసట ఎక్కడికీ పోదు, కాసేపు తెలియకుండా ఉంటుంది, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆ 63 వేల మందిలో మనవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ హొక్కియన్, కాంటనీస్ మాట్లాడే చైనీయులు. 2010లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో సింగపూరు చైనీయుల్లో 9.7 శాతం మందికి మధుమేహం ఉంటే, భారతీయుల్లో 17.2 శాతం మందికి ఉంది. మన ఒంటి తీరు వేరు. బరువు పెద్దగా లేకపోయినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, చిన్న వయసులోనే షుగరు వస్తుంది. చైనీయుల్లో కనిపించిన మేలు మనకూ వస్తుందని ఎలా అనుకోవాలి?

ఇక్కడే ఈ కథలో నాకు బాగా నచ్చే మనిషి ఒకాయన వస్తారు. పేరు రాబ్ వాన్ డామ్, నెదర్లాండ్స్ దేశస్థుడు. 2002లో ఆయన, ఎడిత్ ఫెస్కెన్స్ అనే శాస్త్రవేత్త కలిసి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. 17,111 మంది డచ్చివాళ్లను పరిశీలించి, రోజుకు ఏడు కప్పులు, అంతకు మించి తాగేవారికి మధుమేహం వచ్చే అవకాశం, రెండు కప్పులకు మించనివారితో పోలిస్తే సగమేనని చూపించారు. కాఫీకీ మధుమేహానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచం దృష్టి పడింది అక్కడే. తర్వాత ఆయన సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయానికి వచ్చారు. తన పేరు నిలబెట్టిన ఆ మాటను తానే పరీక్షకు పెట్టారు.

ఎలా పెట్టారంటే, ఇన్సులిన్ సరిగా పనిచేయని, బరువు ఎక్కువున్న 126 మందిని తీసుకున్నారు. వాళ్లలో చైనీయులున్నారు, మలయీలున్నారు, ఈసారి భారతీయులూ ఉన్నారు. చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు 24 వారాల పాటు రోజూ నాలుగు కప్పుల ఇన్‌స్టంట్ కాఫీ. రెండో జట్టుకు కాఫీలాగే ఉండి కాఫీ కాని పానీయం. చివర ఇన్సులిన్ ఎంత చక్కగా పనిచేస్తోందో, నరంలోకి ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఎక్కిస్తూ గంటల తరబడి కొలిచారు. ఇంతకన్నా నిక్కచ్చి పరీక్ష ఈ విషయంలో లేదు. ఫలితం 2020లో అచ్చయింది. ఇన్సులిన్ పనితీరులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కాఫీ తాగిన జట్టుకు ఒంట్లో కొవ్వు కాస్త తగ్గింది, దాదాపు 3.7 శాతం. అంతే.

ఈ ఫలితాన్ని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ పంచుకోరు. అరకు కాఫీ తాగితే షుగరు మాయం అనే సందేశాలు మాత్రం రోజూ వస్తాయి. ఆరు నెలల ప్రయోగం ఇరవై ఏళ్ల అలవాటును కొట్టిపారేయలేదు, అది నిజం. కొవ్వు మెల్లగా తగ్గితే ఏళ్లు గడిచేకొద్దీ మధుమేహం మీద ప్రభావం ఉండొచ్చు. కానీ షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర చేసే పని కాఫీ చేయదు. షుగరు ఉన్నవాళ్లు కాఫీని మందనుకుని మాత్ర మానేస్తే ప్రమాదం. ఈ ముక్క నేను ఎక్కడైనా చెబుతాను, ఎన్నిసార్లైనా చెబుతాను.

ఇంకో మాట. ఈ అధ్యయనాల్లో చెప్పే కప్పు వేరు, మనం తాగే కప్పు వేరు. మన కాఫీ పొడిలో చికోరీ ఉంటుంది. భారతదేశపు ఆహార నిబంధన ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో 51 శాతమైనా కాఫీ ఉండాలి. అంటే పొడిలో దాదాపు సగం దాకా చికోరీ ఉండొచ్చు. చికోరీలో కెఫీన్ లేదు. దాని మీద ముప్పావు గ్లాసు పాలు పోస్తాం. అదే టెక్కాలోని కోపిలో ఉన్నది రోబస్టా. అరబికాతో పోలిస్తే రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు. అరకు కాఫీ అరబికా రకం.  కాబట్టి మన ఇంట్లో మూడు కప్పులు తాగే పెద్దావిడ, ఇక్కడికొచ్చి మూడు కప్పుల కోపి తాగితే ఆ రాత్రి కన్ను మూతపడదు.

అన్నిటికంటే పెద్ద సంగతి పంచదార. దీని దగ్గర కాసేపు ఆగుతాను. కండెన్స్‌డ్ మిల్క్ బరువులో సగానికి పైగా చక్కెరే. ఒక పెద్ద చెంచాడు పోస్తే పది గ్రాముల చక్కెర వెళ్లినట్టే. కోపి కలిపే చోట చేతివాటం అక్కడితో ఆగదు. మన ఫిల్టరు కాఫీలో రెండు చెంచాల పంచదార వేసినా అదే లెక్క, పది గ్రాములు. రోజుకు నాలుగు కప్పులైతే నలభై గ్రాములు కాఫీలోనే పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లు అలా కలిపిన చక్కెర రోజుకు 50 గ్రాములకు మించకూడదు. 25 గ్రాముల లోపుంటే ఇంకా మంచిది. భోజనం తర్వాత స్వీటు, బిస్కెట్లు, కూల్‌డ్రింకు లెక్కలోకి రాకముందే ఆ 25 గ్రాముల గీత దాటేశాం. కాఫీ మేలు చేస్తుందన్న మాటను అడ్డం పెట్టుకుని, దానితో పాటు వచ్చే చక్కెరను గడప దాటనిస్తున్నాం.

సింగపూరు ప్రభుత్వం ఈ విషయాన్ని చాలా గట్టిగా పట్టుకుంది. 2016లో ఆరోగ్య మంత్రి మధుమేహం మీద యుద్ధం ప్రకటించారు. 2022 డిసెంబరు 30 నుంచి సీసాలు, డబ్బాల్లో అమ్మే పానీయాలకు న్యూట్రీ గ్రేడ్ పేరుతో ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు పెట్టారు. వంద మిల్లీలీటర్లలో పది గ్రాములకు పైగా చక్కెర ఉంటే డి. డి తరగతి పానీయానికి ప్రకటన వేయడమే నిషేధం. సరిగ్గా ఏడాది తర్వాత, 2023 డిసెంబరు 30 నుంచి అప్పటికప్పుడు కలిపి ఇచ్చే కాఫీ, టీలకూ ఇది వర్తించింది. చిన్న దుకాణాలకు మినహాయింపు ఉంది కాబట్టి లిటిల్ ఇండియాలో ప్రతి బండి దగ్గరా ఆ అక్షరం కనిపించదు. కానీ పెద్ద హోటళ్ల ధరల పట్టికలో కాఫీ పక్కన సి, డి అని కనిపిస్తే చాలామంది చెయ్యి ఆగుతోంది. మన విజయవాడ, హైదరాబాదు హోటళ్లలో కూడా ఇలాంటిది రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

టెక్కాకు కొత్తగా వచ్చేవారికి పనికొచ్చే మాటలు రెండు మూడు. కోపి అని ఊరికే అడిగితే కండెన్స్‌డ్ మిల్క్‌తో ఇస్తారు. కోపి ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. కోపి సి అంటే చిక్కబెట్టిన తీపి లేని పాలతో, పంచదార వేసి. ఈ చివరి రెండింటి వెనక కొసాంగ్ అని చేర్చండి. పంచదార వేయరు. ఒక్కసారిగా మానలేనివాళ్లు సియు దాయ్ అని అడగండి, తీపి తగ్గిస్తారు. మన హోటళ్లలో అయితే కాఫీ కలపకముందే పంచదార వద్దని చెప్పాలి, కలిపాక ఎవరూ తీయలేరు. మొదటి వారం చప్పగా, చేదుగా ఉంటుంది. నాలుక చాలా త్వరగా సర్దుకుంటుంది. తర్వాత పాత కాఫీ తాగితే పాయసంలా అనిపిస్తుందని మానినవాళ్లందరూ చెప్పే మాట.

ఇంట్లో పొడి నీళ్లలో వేసి మరిగించి తాగేవాళ్లు ఇంకొకటి గమనించాలి. కాఫీ గింజల నూనెలో కెఫెస్టాల్ అని ఒక పదార్థం ఉంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. మరిగించి పైపైన వడగట్టిన కాఫీలో ఎక్కువగా ఉంటుంది. కాగితపు ఫిల్టరు దాన్ని పట్టేస్తుంది, ఇన్‌స్టంట్ కాఫీలో చాలా తక్కువ. గుండెకు స్టెంటు పడ్డవాళ్లు, కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవాళ్లు మరిగించే పద్ధతి వదలడం మంచిది.

క్యాన్సర్ భయం గురించి కూడా అడుగుతుంటారు. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, కాఫీ వల్ల మూత్రాశయ క్యాన్సర్ రావచ్చేమోనని ఒక జాబితాలో పెట్టింది. కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో పొగతాగేవాళ్లూ ఎక్కువ ఉండేవారు. పొగ చేసిన పాపం కాఫీ మీద పడింది. 2016లో అదే సంస్థ వెయ్యికి పైగా అధ్యయనాలు చూసి కాఫీని ఆ జాబితా నుంచి తీసేసింది. కానీ 65 డిగ్రీలకు మించిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు ప్రమాదం ఉండొచ్చని చెప్పింది. డబరాలోంచి గ్లాసులోకి, గ్లాసులోంచి డబరాలోకి తిరగబోసే మన అలవాటు ఎంత మంచిదో చూడండి. పొగలు కక్కుతుంటేనే కాఫీ అనే పెద్దలకు ఈ మాట కాస్త నచ్చజెప్పాలి.

నిర్మాణ పనుల్లో ఉన్న తమ్ముళ్లకు నిద్ర గురించి చెప్పాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. 2013లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చినా గంటకు పైగా నిద్ర తగ్గింది. తెల్లవారుజామున లారీ ఎక్కి సైటుకు వెళ్లాల్సిన మనిషికి ఆ గంట చాలా విలువైనది. ఎత్తు మీద పనిచేసేవాడి ప్రాణం ఆ గంట నిద్ర మీద ఆధారపడి ఉంటుంది. ఆదివారం సాయంత్రం స్నేహితులతో కూర్చున్నప్పుడు ఐదు దాటాక కోపి బదులు అల్లం వేడినీళ్లు, మజ్జిగ ఏదైనా తాగండి.

రాత్రి నిద్ర సరిగా పట్టని రోజు లేవగానే పరగడుపున బ్లాక్ కాఫీ తాగడం గురించి ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో 29 మంది మీద పరిశీలించారు. 2020లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, అలా తాగి తర్వాత తీపి తీసుకున్నవారి రక్తంలో చక్కెర మామూలుకంటే సుమారు 50 శాతం ఎక్కువ పెరిగింది. చిన్న పరిశీలనే. అయినా షుగరు ఉన్నవాళ్లు ఇడ్లీ తిన్నాక కాఫీ తాగితే పోయేదేమీ లేదు.

కొందరికి జాగ్రత్తలు తప్పవు. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మిగతా పెద్దవాళ్లకు 400. టెక్కా కోపి లాంటి చిక్కటి కాఫీ రోజుకు ఒకటి చాలు, తల్లి కాబోయే అమ్మాయిలకు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ కాఫీకీ మధ్య గంటైనా ఎడం పెట్టాలి, లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు. మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఈ రెండింటినీ పొద్దున్నే ఒకేసారి వేసుకుంటున్నారో తలచుకుంటే బాధేస్తుంది. ఐరన్ మాత్రలకూ ఇదే నియమం. భోజనంతో పాటు కాఫీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము కూడా బాగా తగ్గిపోతుంది. భారతదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి ఇంట్లో భోజనం చేసిన గంట తర్వాతే కాఫీ పెట్టుకోవాలి.

చివరగా, పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడ నెలలు గడిపే పెద్దవాళ్ల కోసం ఒక వార్త. సింగపూరు చైనీయుల అధ్యయనంలో మొదట చేరినవారిలో 12 వేల మందికి పైగా ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కలిశారు. పిడికిలి బిగువు ఎంత ఉందో కొలిచారు. కుర్చీలోంచి లేచి, కొద్ది దూరం నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతోందో చూశారు. నడివయసులో రోజుకు నాలుగు కప్పులు, అంతకు మించి కాఫీ తాగినవారిలో ముసలితనపు బలహీనత తక్కువ కనిపించింది. రోజూ టీ తాగినవారిలోనూ తక్కువే కనిపించింది. కాబట్టి టీ అలవాటున్నవారు కాఫీకి మారనక్కర్లేదు. అసలు రెండూ తాగనివాళ్లు ఈ ప్రసంగం విని ఇప్పుడు మొదలుపెట్టనక్కర్లేదు. గుండెదడ, ఆమ్లం పైకి తన్నడం, నిద్రలేమి ఉన్నవాళ్లు మీ డాక్టరును అడిగే నిర్ణయించుకోండి. తాగేవాళ్లు మాత్రం రేపు పొద్దున స్టాలు దగ్గర నిలబడ్డప్పుడు కొసాంగ్ అని ధైర్యంగా అడగండి.